వార్చిపోసే నీళ్లలో దొరికింది

అన్నం ఉడికాక గంజి వార్చేస్తాం. బలమంతా గంజిలోనే పోతోందని ఇంట్లో పెద్దవాళ్లు అంటూనే ఉంటారు, మనం వార్చేస్తూనే ఉంటాం. ప్రయోగశాలలో కణాలు పెంచేవాళ్లదీ ఇలాంటి అలవాటే. చదునైన పళ్లెం అడుగున కణాలు అతుక్కుని పెరుగుతుంటాయి. వాటిమీద ఎర్రటి పోషకద్రవం నిలిచి ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి పాత ద్రవం తీసేసి కొత్తది పోస్తారు. చూడాల్సింది కణాన్ని, ద్రవం పారబోయడానికే. 1970ల చివర్లో అమెరికాలో, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, డోనాల్డ్ సెంగర్ ఆ పారబోసే ద్రవాన్నే పరీక్షకు పెట్టారు. రొమ్ము క్యాన్సర్ ఎముకలదాకా పాకడంలో చెయ్యి ఉందని తర్వాత తేలిన ఒక ప్రొటీన్ కథ అక్కడే మొదలైంది.

సెంగర్ పనిచేసింది రిచర్డ్ హైన్స్ ప్రయోగశాలలో. 1973లో హైన్స్ ఒక సంగతి గమనించి ఉన్నారు. మామూలు కణం ఒంటిమీద ఒక పెద్ద ప్రొటీన్ ఉంటుంది. వైరస్ సోకి క్యాన్సర్ లక్షణాలు తెచ్చుకున్న కణం మీద అది కనిపించదు. ఫైబ్రోనెక్టిన్ అని తర్వాత పేరొచ్చిన ఆ ప్రొటీన్ కణాన్ని చుట్టూ ఉన్న పీచుకు అంటిపెట్టుకునేలా చేసే జిగురు. జిగురు పోయిన కణం పట్టు తప్పి తిరుగుతుందన్న ఆలోచన సహజంగానే బలపడింది. ఆ లెక్కన వెతకాల్సింది కణం పోగొట్టుకున్నదాన్ని.

సెంగర్, డయాన్ వర్త్, హైన్స్ కలిసి దీనికి ఎదురు ప్రశ్న వేశారు. క్యాన్సర్ కణం కొత్తగా బయటికి ఏం వదులుతోంది? కణాలకు రేడియోధార్మిక గుర్తు ఉన్న మేత పెట్టారు. అవి తయారుచేసే ప్రతి ప్రొటీన్‌కూ ఆ గుర్తు అంటుతుంది. తర్వాత ద్రవాన్ని తీసి, అందులోని ప్రొటీన్లను జెల్ పలక మీద బరువు ప్రకారం విడదీసి, ఫిల్ముకు ఎక్కించారు. మామూలు కణాల ద్రవంలో లేని నల్లటి చారలు క్యాన్సర్ కణాల ద్రవంలో కనిపించాయి. వాటిలో ఒకదానికి ఫాస్ఫేట్ కూడా అంటుకుని ఉంది. 1979లో 'సెల్' పత్రికలో ఈ ఫలితం వచ్చింది. ఆ చారకు అప్పటికి పేరు లేదు. క్యాన్సర్ కణం స్రవించే ఫాస్ఫోప్రొటీన్ అన్నారు, అంతే.

పేరు వేరే దేశంలో, వేరే వృత్తివాళ్లు పెట్టారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో డిక్ హైనెగార్డ్ బృందానికి క్యాన్సర్‌తో పని లేదు. ఎముకలోని సున్నాన్ని కరిగించి, మిగిలిన ప్రొటీన్లను ఒక్కొక్కటిగా వేరుచేయడం వాళ్ల పని. 1985లో వాళ్లకు ఎముకలో రెండు కొత్త ప్రొటీన్లు దొరికాయి. మరుసటి ఏడాది ఓకే ఓల్డ్‌బెర్గ్, హైనెగార్డ్ తదితరులు ఎలుక ఎముక కణాల నుంచి వాటిలో ఒకదాని జన్యువును పట్టుకుని, అక్షరం అక్షరం చదివారు. ఒకవైపు ఎముక ఖనిజాన్ని, మరోవైపు కణాన్ని పట్టుకోగలిగే నిర్మాణం దానికుంది. అందుకే ఎముక, వంతెన అనే రెండు పాత మాటలు కలిపి ఆస్టియోపాంటిన్ అన్నారు. ఎముక వారధి అన్నమాట.

వంతెన అనడానికి గట్టి ఆధారమే ఉంది. అంతకు రెండేళ్ల ముందు, 1984లో, కాలిఫోర్నియాలోని లా హోయాలో మైఖేల్ పియర్ష్‌బాకర్, ఎర్కి రూయొస్లాటి ఒక చిన్న అద్భుతం చూపించారు. ఫైబ్రోనెక్టిన్ అంత పెద్ద ప్రొటీన్ కదా, దానిలో కణం పట్టుకునేది మాత్రం మూడే మూడు అమైనో ఆమ్లాల వరసను. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఆ మూడక్షరాల ముక్క బయటికి తేలి ఉన్న చోట సాధారణంగా కణం వచ్చి అతుక్కుంటుంది. లుండ్ వాళ్లు ఎముక ప్రొటీన్ వరస చదువుతుంటే సరిగ్గా ఆ మూడక్షరాలూ అందులో కనిపించాయి.

మన ఇళ్లలో పిల్ల ఒకతే అయినా ఇంట్లో బుజ్జి, బళ్లో సత్యవతి, అమ్మమ్మగారింట మరొకటి. ఈ ప్రొటీన్‌కూ అలాగే అయింది. కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ డెన్‌హార్ట్ బృందం, కణవిభజనను ప్రేరేపించే పదార్థాలు తగలగానే చురుకయ్యే జన్యువులను వెతుకుతూ ఒకదాన్ని పట్టుకుని, దానికి 2ఏఆర్ అని గుర్తు పెట్టుకుంది. బోస్టన్‌లో హార్వీ క్యాంటర్ బృందం రోగనిరోధక కణాలు మేలుకున్న తొలి గంటల్లో స్రవించే ప్రొటీన్ ఒకదాన్ని 1989లో ఈటా-1 అంది. మూత్రంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు పెరగకుండా ఆపే ప్రొటీన్‌ను 1992లో మరో బృందం యూరోపాంటిన్ అంది. ఎవరి పత్రికలు వాళ్లవి, ఎవరి సభలు వాళ్లవి. జన్యువుల అక్షరమాలలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఇవన్నీ ఒక్కటేనని తేలింది. సెంగర్ పేరు పెట్టని నల్లటి చార కూడా ఇదే.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది 1989లో సెంగర్ బృందమే ప్రచురించిన ఇంకొక ఫలితం. క్యాన్సర్ కణాలు వదిలే ఈ ప్రొటీన్ ఆరోగ్యవంతుల శరీరంలో ఎక్కడ సమృద్ధిగా దొరుకుతుందని వెతికితే, తల్లిపాలలో దొరికింది. చనుబాలలోంచి దాన్ని శుద్ధిచేసి చూస్తే గడ్డలు స్రవించే ప్రొటీన్‌తోనూ, ఎముకలోని ఆస్టియోపాంటిన్‌తోనూ సరిపోయింది. గర్భం సమయంలో, పాలిచ్చే రోజుల్లో రొమ్ము గ్రంథిలో దీని తయారీ పెరుగుతుంది. పాలగ్రంథిలో దీని తయారీని అణచివేసిన ఎలుకల్లో గ్రంథి సరిగా ఎదగలేదు, పాలు సరిగా పడలేదు. అంటే రొమ్ముకు ఇది పరాయిది కాదు. బిడ్డకు పాలిచ్చే గ్రంథి ఎదగడానికి వాడుకునే పనిముట్టునే, అదే గ్రంథిలో అదుపు తప్పిన కణం దూరం వెళ్లడానికి వాడుకుంటోంది. రొమ్ము క్యాన్సర్‌ను శరీరంలోకి చొరబడిన శత్రువుగా ఊహించుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందు కాసేపు ఆగాలి.

ఆ పనిముట్టు ఎలా ఉంటుందో కూడా చూద్దాం. మనిషిలో ఇది దాదాపు 300 అమైనో ఆమ్లాల దారం. చాలా ప్రొటీన్లు ఉండచుట్టుకుని గట్టి ఆకారం తెచ్చుకుంటాయి. ఇది మాత్రం వదులుగా వేలాడే దారంలానే ఉంటుంది. ఒళ్లంతా ఆమ్లగుణం, దానికి తోడు ఫాస్ఫేట్లు. అందువల్ల కాల్షియం దీనికి ఇట్టే అంటుకుంటుంది. నడిమధ్యన ఆ మూడక్షరాల పిడి ఉంది. కణం పైన ఇంటెగ్రిన్ అనే గ్రాహకాలు చేతుల్లాంటివి, అవి వచ్చి ఈ పిడిని పట్టుకుంటాయి. పిడికి పక్కనే రక్తం గడ్డకట్టించే థ్రాంబిన్ కోసే చోటు కూడా ఉంది. కోత పడితే పిడి మరింత బయటపడి కణాలు ఇంకా గట్టిగా పట్టుకుంటాయని సెంగర్ చూపించారు. గాయమైన చోట థ్రాంబిన్ తయారవుతుంది. గడ్డ చుట్టూ కూడా తయారవుతుంది. గడ్డకూ గాయానికీ ఒక పోలిక ఉందని ఇక్కడ బయటపడింది.

అయితే గడ్డలో ఒక ప్రొటీన్ ఉన్నంతమాత్రాన నేరం దానిదే అనలేం. మంట దగ్గర నిలబడ్డవాడే నిప్పు పెట్టాడా, ఆర్పడానికి వచ్చాడా? 1990లలో చాలామంది శ్రమ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. డెన్‌హార్ట్, ఆన్ చేంబర్స్ తదితరులు 1994లో, క్యాన్సర్‌గా మార్చిన ఎలుక కణాల్లో ఈ ప్రొటీన్ తయారీని అడ్డుకుంటే ఆ కణాల ఉధృతి తగ్గిందని చూపారు. ఇంకా ఒప్పించే ప్రయోగం ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నుంచి వచ్చింది. ఫిలిప్ రడ్లండ్, రోజర్ బరక్లో బృందం దగ్గర రామా 37 అనే ఎలుక రొమ్ము కణాలు ఉండేవి. ఎలుకలో ప్రవేశపెడితే అవి గడ్డ కడతాయి గానీ ఆ గడ్డ ఉన్నచోటే ఉంటుంది, ఎక్కడికీ పాకదు. వాటిలోకి పాకే స్వభావమున్న క్యాన్సర్ కణాల డీఎన్‌ఏ ముక్కలు ఎక్కించారు. కొన్ని కణాలు పాకడం నేర్చుకున్నాయి. నేర్చుకున్న కణానికీ, నేర్చుకోని కణానికీ తేడా ఏమిటని, ఒకదాని నుంచి ఒకదాన్ని తీసివేస్తూ వెళితే చివరికి మిగిలింది ఆస్టియోపాంటిన్. ఆ ఒక్క జన్యువునే తీసుకుని రామా 37 కణాల్లో పెట్టి చూశారు. ఉన్నచోట ఉండే గడ్డ ఊపిరితిత్తులకు పాకింది. 1996లో ఇది ప్రచురితమైంది. నిందితుడు పక్కన నిలబడ్డవాడు మాత్రమే కాదని తేల్చిన సాక్ష్యం నా దృష్టిలో ఇదే.

ఎలుకలో నిజమైంది మనిషిలో నిజమా? అదే బృందం 2002లో 333 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల గడ్డలను పరీక్షించింది. వాళ్లను అప్పటికే ఏళ్ల తరబడి గమనించి ఉన్నారు. ఆస్టియోపాంటిన్‌ను పట్టిచూపే రంగు అంటిన గడ్డలున్నవారిలో మరణాలు, రంగు అంటని గడ్డలున్నవారితో పోలిస్తే ఎంతో ఎక్కువ.

మధ్యలో ఒక చిక్కు కూడా వచ్చింది. దాన్ని దాటేసి చెప్తే కథ నున్నగా ఉంటుంది గానీ నిజం కాదు. సెంగర్ కూడా ఉన్న బోస్టన్ బృందం 1994లో మనుషుల గడ్డలు కోసి చూసినప్పుడు, ఈ ప్రొటీన్‌ను తయారుచేస్తున్నవి ఎక్కువగా క్యాన్సర్ కణాలు కావని, గడ్డలోకి వచ్చి చేరిన మాక్రోఫేజ్‌లని కనిపించింది. మాక్రోఫేజ్‌లంటే శరీరాన్ని శుభ్రంచేసే తెల్లకణాలు. ఆ తర్వాత ఒంటారియోలో అలన్ టక్, చేంబర్స్ చూసినప్పుడు కొన్ని గడ్డల్లో క్యాన్సర్ కణాలే దాన్ని తయారుచేస్తున్నాయి. రెండూ నిజమే. కొన్ని గడ్డలు సొంతంగా తయారుచేసుకుంటాయి, కొన్నింటికి మన రక్షకభటులే తెచ్చిపెడతారు. చుట్టూ ఉన్న కణజాలాన్ని వదిలేసి క్యాన్సర్ కణాన్ని మాత్రమే చూస్తే క్యాన్సర్ అర్థం కాదన్న ఎరుక ఇలాంటి చిక్కుల్లోంచే బలపడింది. బెల్జియంలోని లీజ్ నగరంలో బెల్లసెన్, కాస్ట్రొనోవొ 1995లో ఎముక ప్రొటీన్లు రొమ్ము గడ్డల్లో అధికంగా ఉన్నాయని చూపడంతో మరో ఆలోచన కూడా లేచింది. మామోగ్రామ్‌లో తెల్లటి రవ్వల్లా కనిపించే సున్నపు చుక్కలకూ ఈ ఎముక ప్రొటీన్లకూ సంబంధం ఉందేమోనని. రొమ్ములో ఎముక చేసే పని జరుగుతోందేమోనన్నమాట.

గడ్డ స్రవించేది రక్తంలోకి వస్తుంది కదా, రక్తపరీక్షతో పట్టేయలేమా? 1997లో ఒంటారియో బృందం చూసింది. ఆరోగ్యంగా ఉన్న 35 మంది స్త్రీల రక్తంలో లీటరుకు మధ్యస్థంగా 47 మైక్రోగ్రాములు ఉంటే, క్యాన్సర్ శరీరంలో పాకిన 70 మందిలో అది 142. తేడా పెద్దదే. ఎక్కువ ఉన్నవారు తక్కువ కాలం బతికారు కూడా. కానీ విడివిడిగా చూస్తే ఆరోగ్యవంతుల్లో ఒకరికి 122 దాకా ఉంది, రోగుల్లో ఒకరికి 38 మాత్రమే ఉంది. వాపు, గాయం, కీళ్ల జబ్బు లాంటివి ఉన్నా ఈ అంకె పెరుగుతుంది. సగటుల్లో తేడా ఉన్నా, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి ఉందో లేదో చెప్పలేని పరీక్షను డాక్టరు నమ్ముకోలేరు. ఇరవై ఏళ్లు దాటినా ఇది రొమ్ము క్యాన్సర్‌కు వాడుక పరీక్షగా రాకపోవడానికి కారణం అదే.

ఇక ఎముక సంగతి. 1889లో లండన్ వైద్యుడు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు తిరగేశారు. క్యాన్సర్ 241 మందిలో కాలేయానికి పాకితే ప్లీహానికి పాకింది 17 మందిలోనే. రక్తం రెండింటికీ వెళ్తుంది. మరి ఈ పక్షపాతం ఎందుకు? విత్తనాలు అన్నివైపులా ఎగిరినా, నచ్చిన నేల మీద పడ్డవే మొలుస్తాయన్నారాయన. రొమ్ము క్యాన్సర్‌కు నచ్చిన నేలల్లో ఎముక ముఖ్యమైనదని కూడా ఆయన గమనించారు. నూట పద్నాలుగేళ్ల తర్వాత, 2003లో, న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో జోన్ మసాగే, యిబిన్ కాంగ్ బృందం ఆ నచ్చడం వెనక ఉన్న జన్యువులను వెతికింది. హ్యూస్టన్‌లో 1973లో ఒక రోగి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ వస్తున్న రొమ్ము క్యాన్సర్ కణాలను ఎలుకల రక్తంలోకి వదిలి, ఎముకలో మొలిచినవాటిని ఏరి, మళ్లీ వదిలి, మళ్లీ ఏరారు. ఎముకకు బాగా అలవాటుపడ్డ కణాల్లో పెచ్చుమీరిన కొద్ది జన్యువుల్లో ఆస్టియోపాంటిన్ ఒకటి. అది ఒంటరిగా చాలదు. ఇంటర్‌ల్యూకిన్-11, సీటీజీఎఫ్, సీఎక్స్‌సీఆర్4 లాంటి తోటి జన్యువులతో జట్టుకట్టినప్పుడే దాని బలం.

ఎముకలో దాని పని ఏమిటో హైనెగార్డ్ బృందం 1990లోనే ఒక ఆనవాలు పట్టుకుంది. మన ఎముక రోజూ కొంత కరుగుతుంది, కొంత కొత్తగా పడుతుంది. కరిగించే కణాలు ఎముకను పట్టుకుని కూర్చునే చోట ఆస్టియోపాంటిన్ గుట్టగా ఉంది. పడవకు లంగరులాంటిదన్నమాట. ఎముక కరిగితే అందులో దాగి ఉన్న పెరుగుదల పదార్థాలు బయటపడతాయి. అవి క్యాన్సర్ కణానికి ఎరువు. ఎరువు తిన్న కణం ఎముకను మరింత కరిగేలా చేస్తుంది. క్యాన్సర్ ఎముకకు పాకిన స్త్రీలు పడే నొప్పి, చిన్న తాకిడికే విరిగే వెన్నుపూసలు ఈ తిరగలి ఫలితమే.

2008 ఈ కథలో పెద్ద ఏడాది. అమెరికాలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌లో శాండ్రా మెక్‌అలిస్టర్, రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం ఎలుక ఒంట్లో ఒక పక్క దూకుడుగా పెరిగే రొమ్ము గడ్డను, ఇంకో పక్క మందకొడి కణాలను పెట్టింది. వాటి మానాన వాటిని వదిలితే పెరగని ఆ మందకొడి కణాలు, దూరాన దూకుడు గడ్డ ఉంటే పెరిగాయి. రెండూ తాకలేదు. నడుమ కబురు మోసింది రక్తం. ఆ కబురులో ఆస్టియోపాంటిన్ ఉంది. దూకుడు గడ్డలో దాన్ని ఆపేస్తే అవతలి పక్క కణాలు మళ్లీ నిద్రపోయాయి. ఎముక మూలుగలోని కణాలను లేపి అవతలి గడ్డకు పనికొచ్చేలా చేసేది ఇదేనని తేలింది. అతుక్కోవడానికి పనికొచ్చే జిగురుగా మొదలైంది, ఒళ్లంతా వినిపించే పిలుపుగా తేలింది.

అదే ఏడాది పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్‌లో గోపాల్ కుందు బృందం ఇంకో ముడి విప్పింది. ఈ ప్రొటీన్ మీద చాలా ఏళ్లు పనిచేసి 2004లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఆయన. ఆస్టియోపాంటిన్ తగిలిన రొమ్ము క్యాన్సర్ కణం వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుందని, దాంతో గడ్డకు కొత్త రక్తనాళాలు మొలుస్తాయని వాళ్లు చూపారు. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. వీఈజీఎఫ్‌ను మొదట కనిపెట్టిందెవరు? 1983లో, బోస్టన్‌లో, గడ్డలు వదిలే ద్రవంలో రక్తనాళాలను కారేలా చేసే పదార్థంగా దాన్ని పట్టుకున్నది హెరాల్డ్ డ్వొరాక్‌తో కలిసి అదే డోనాల్డ్ సెంగర్. పారబోసే నీళ్లలో ఆయన నాలుగేళ్ల తేడాతో పట్టిన రెండు పదార్థాలకూ మధ్య ఉన్న బంధం పాతికేళ్ల తర్వాత మన దేశపు ప్రయోగశాలలో బయటపడింది.

రెండింటి దారులూ ఒకటి కాలేదు. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందులు క్యాన్సర్‌కూ కంటిజబ్బులకూ వచ్చాయి. ఆస్టియోపాంటిన్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందు ఇప్పటికీ ఆసుపత్రి దాకా రాలేదు. కీళ్లవాతం రోగుల మీద దాన్ని అడ్డుకునే యాంటీబాడీని ప్రయత్నిస్తే మేలు కనిపించలేదని 2012లో ఫలితాలొచ్చాయి. శరీరం దీన్ని ఎంతో వేగంగా తయారుచేస్తుంది, అంతే వేగంగా వదిలించుకుంటుంది. దాన్ని మందుతో పట్టి ఉంచడం కష్టం. పైగా గాయం మానడానికి, ఎముకకు, మూత్రపిండానికి అవసరమైనదాన్ని క్యాన్సర్ దగ్గర మాత్రమే ఆపడం ఇంకా కష్టం. ఎముకను కరిగించే కణాలను అదుపుచేసే మందులు వచ్చాయి, ఎందరికో నొప్పి తగ్గించాయి. అవి వేరే దారిన వచ్చినవి. నలభై ఏళ్లు దాటిన ఈ వెతుకులాట వృథా అని నేననను. రొమ్ము క్యాన్సర్ ప్రాణం తీసేది రొమ్ములో కాదు, పాకిన చోట. పాకడం ఎలా జరుగుతుందో తెలియనిదే దాన్ని ఆపలేం. అయినా ఈ రోజు మన చేతిలో ఉన్న మందుల లెక్కలో ఆస్టియోపాంటిన్ లేదు.

బూరుగు కాయ పగిలి దూది గాలికి లేచాక ఒక్కొక్క గింజను వెతికి ఏరడం ఎంత కష్టమో ఈ కథంతా చెబుతోంది. కాయ పగలకముందే కోయడం మాత్రం ఇప్పుడు మన చేతుల్లోనే ఉంది. గడ్డ రొమ్ము దాటకముందే దొరికితే బతికే అవకాశం చాలా ఎక్కువ. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు, అందుకే మన ఆడవాళ్లు నెలల తరబడి ఊరుకుంటారు, సిగ్గుతోనో, ఇంటిపని తెమలకో, ఎవరితోనూ అనలేకో. అమ్మా, రొమ్ములోగానీ చంకలోగానీ కొత్తగా గడ్డ చేతికి తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, దాన్నుంచి నెత్తురు చెమ్మ కనిపించినా, నొప్పి లేదు కదా అని ఆగకండి. ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి.